పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో ఏం చేయాలి? గుర్తించడం నుంచి గడ్డ కరిగించే ఇంజెక్షన్ దాకా

మూతి వంకర పోతే ముందు ఏం చేయాలి, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయొచ్చా, నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే ఆ ఇంజెక్షన్ అందరికీ పనికొస్తుందా? మళ్లీ మళ్లీ వస్తున్న ఈ ప్రశ్నలకు ఒకేచోట జవాబు ఇది. మొదటి సగం ఇంట్లో ఉన్నవాళ్లకు. రెండో సగం క్యాజువాలిటీలో మొదట పేషెంట్‌ను చూసే డ్యూటీ డాక్టర్లకు, నర్సులకు. కుటుంబ సభ్యులు కూడా ఆ సగం చదవండి. ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని డాక్టరు అడిగినప్పుడు ఆలోచించుకోవడానికి మీకు దొరికేది కొద్ది నిమిషాలే.

సిద్ధాంతం ఈ నాలుగు ముక్కలు చాలు. పక్షవాతాన్నే ఇక్కడ స్ట్రోక్ అంటున్నాం. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే వచ్చేది ఇస్కీమిక్ స్ట్రోక్. నాళం చిట్లి రక్తం కారితే వచ్చేది హెమరేజిక్ స్ట్రోక్. ఎక్కువ భాగం మొదటి రకమే. కానీ మనిషిని పైనుంచి చూసి ఇది ఫలానా రకం అని ఎంత అనుభవం ఉన్న డాక్టరూ చెప్పలేరు, స్కాన్ తీయాల్సిందే. కింద చెప్పిన 'చేయకూడని పనుల'కు చాలావరకు కారణం ఇదే. ఇక వేగం ఎందుకంటే, పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి. చనిపోయిన భాగం చుట్టూ రక్తం చాలక పనిచేయడం మానేసి, ఇంకా ప్రాణంతో ఉన్న భాగం ఒకటి ఉంటుంది. వైద్యమంతా దాన్ని కాపాడటానికే.

ముందే సిద్ధంగా ఉంచుకోవాల్సినవి

ఇంట్లో బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు గానీ, ఒకసారి స్ట్రోక్ వచ్చినవాళ్లు గానీ ఉంటే ఈ పని ఇవాళే చేయండి.

- మీకు అందుబాటులో ఉన్న ఆస్పత్రులకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. అర్ధరాత్రి వచ్చినా సీటీ స్కాన్ తీస్తారా? స్ట్రోక్‌కు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మీ దగ్గరే ఇస్తారా? గడ్డను తీగతో బయటికి లాగే చికిత్స, అంటే థ్రాంబెక్టమీ, చేస్తారా? జవాబులు రాసి గోడకు అంటించండి.
- వాడుతున్న మందుల జాబితా. ముఖ్యంగా రక్తం పలుచబడటానికి వాడేవి: వార్ఫరిన్, అసినోకౌమరాల్, డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్. చివరి డోసు ఏ రోజు ఏ గంటకు వేసుకున్నారో కూడా తెలియాలి.
- మనిషి బరువు. ఇంజెక్షన్ డోసు బరువును బట్టే లెక్కగడతారు.
- పనిచేసే గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు.

1. ఒక్క నిమిషంలో పరీక్షించండి

అన్నిటికీ వర్తించే గుర్తు ఒకటే: ఉన్నట్టుండి రావడం. నిమిషం కిందట బాగున్న మనిషికి ఇప్పుడు ఏదో ఒకటి పనిచేయకపోతే అది స్ట్రోక్ అనే అనుకోండి.

*ముఖం.* పళ్లు కనిపించేలా నవ్వమనండి. పెదవి ఒక మూల కిందికి జారుతుంది. ముక్కు పక్క నుంచి పెదవి దాకా ఉండే గీత ఆ వైపు చెరిగిపోయినట్టు ఉంటుంది. నవ్వించకుండా ఊరికే చూస్తే తేలికపాటి వంకర కంటికి ఆనదు.

*చేతులు.* రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు పైకి తిప్పి, కళ్లు మూసుకుని 10 సెకన్లు ఉంచమనండి. బలహీనత కొంచెమే అయితే చెయ్యి దబ్బున పడిపోదు. ముందు అరచెయ్యి మెల్లగా లోపలికి తిరుగుతుంది, తర్వాత చెయ్యి కిందికి జారుతుంది. ఆ తిరగడమే అసలు గుర్తు. వేళ్లు బిగించి పట్టుకోమని చెప్పి చూసే పరీక్షలో ఇది తప్పిపోతుంది.

*మాట.* ఒక చిన్న వాక్యం చెప్పి, తిరిగి చెప్పమనండి. మాట ముద్దగా రావడం అందరికీ తెలిసిన లక్షణమే. రెండోది పసిగట్టడం కష్టం: గడగడా మాట్లాడుతుంటారు గానీ మాటలకు అర్థం ఉండదు, మనం చెప్పింది బుర్రకెక్కదు. ఇంట్లోవాళ్లు మతి చలించిందనో, మత్తులో ఉన్నారనో అనుకుంటారు. దీన్ని పట్టుకోవడానికి "కళ్లు మూసి తెరవండి" అని నోటితో మాత్రమే చెప్పండి. మీరు చేసి చూపిస్తే మాట అర్థం కాకపోయినా చూసి చేసేస్తారు, పరీక్ష వృథా అవుతుంది.

*చూపు.* ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందా? ఒక కంటికి గానీ, ఒక వైపు గానీ చూపు పోయిందా? ఎదురుగా నిలబడి రెండు పక్కలా వేళ్లు ఆడించి ఏది కదులుతోందో చెప్పమనండి.

*నిలకడ.* ఆనుకోకుండా కూర్చోగలరా, నాలుగడుగులు వేయగలరా చూడండి. పక్కన ఒకరు పట్టుకునే ఉండాలి.

ఒక్కటి తేడాగా ఉన్నా చాలు. అన్నీ కలిసి రావాలని ఎదురుచూడొద్దు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరికి తమ ఎడమ వైపు పడిపోయిన సంగతే తెలియదు. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతున్నా "నాకేం కాలేదు, ఎందుకు కంగారు" అంటారు. అది ధైర్యమూ కాదు, మొండితనమూ కాదు, జబ్బు లక్షణమే. పేషెంట్ వద్దన్నారని ఆగిపోకండి.

2. గడియారం చూసి రాసుకోండి

ఆస్పత్రిలో మొదట అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పు చెప్పేదీ ఇదే. కావాల్సింది మీరు లక్షణాలు చూసిన టైము కాదు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నట్టు ఖాయంగా తెలిసిన టైము.

రాత్రి 10 గంటలకు బాగానే పడుకున్నారు, ఉదయం 6 గంటలకు లేచేసరికి చెయ్యి రావడం లేదు. లెక్క 6 నుంచి కాదు, 10 నుంచి మొదలవుతుంది. అయితే తెల్లవారుజామున 4 గంటలకు బాత్రూంకి లేచి నడిచి, సరిగ్గా మాట్లాడి మళ్లీ పడుకుని ఉంటే లెక్క 4 నుంచే. ఆ ఒక్క సమాచారంతో పేషెంట్ ఇంజెక్షన్ గడువులోకి రావచ్చు. అందుకే ఇంట్లో అందరినీ అడగండి. ఫోన్లో చివరి కాల్ ఎప్పుడు మాట్లాడారు, చివరి మెసేజీ ఎప్పుడు పెట్టారు చూడండి. చివరిసారి చూసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. కుదరకపోతే వాళ్ల నంబరు దగ్గర పెట్టుకోండి.

టైము తెలియకపోయినా, గడువు దాటిందనిపించినా వెళ్లడం మానొద్దు. గడ్డను తీగతో లాగే చికిత్స తగిన పేషెంట్లకు 24 గంటల దాకా చేస్తారు. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కు కూడా ఎంఆర్‌ఐలో మార్పులు చూసి ఇంజెక్షన్ ఇవ్వగలుగుతారు.

3. అంబులెన్స్ పిలవండి, 'స్ట్రోక్ అనుమానం' అనే మాటే వాడండి

"ఒంట్లో బాగోలేదు", "కళ్లు తిరుగుతున్నాయి" అంటే అవతలివాళ్లకు తొందర అర్థం కాదు. లక్షణం, టైము, చేర్చాల్సిన ఆస్పత్రి చెప్పండి. మనం చేరేలోపు ఆస్పత్రికి కబురు అందితే సీటీ టేబుల్ ఖాళీగా ఉంచుతారు. అంబులెన్స్ దొరక్కపోతే సొంత వాహనంలో వెళ్లండి. దారిలో ఒకరు వెనక కూర్చుని పేషెంట్‌ను చూసుకోవాలి, ఇంకొకరు ఆస్పత్రికి ఫోన్ చేయాలి. పేషెంట్ తనే బండి నడపకూడదు.

4. వాహనం వచ్చేలోపు

పడుకోబెట్టండి. వాంతి అవుతున్నా, మగతగా ఉన్నా ఒక పక్కకు తిప్పండి, నోట్లో కట్టుడు పళ్లుంటే తీసేయండి. పడిపోయిన చెయ్యి శరీరం కింద నలగకుండా చూడండి, ఆ చెయ్యి పట్టి లాగి లేపొద్దు. షుగర్ పరీక్ష చేయండి. షుగర్ బాగా పడిపోతే అచ్చం స్ట్రోక్‌లాగే ఒక వైపు చచ్చుబడుతుంది. 60 కంటే తక్కువ ఉంటే అంబులెన్స్ సిబ్బందికి వెంటనే చెప్పండి, వాళ్లు నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తారు. మాట, మింగుడు సరిగా లేని మనిషి నోట్లో పంచదార నీళ్లు పోయొద్దు.

చేయకూడనివి:

- *నీళ్లు, ఆహారం, మాత్రలు ఏవీ నోట్లో వేయొద్దు.* గొంతు కండరాలు పనిచేయకపోతే గుక్కెడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్ట్రోక్ నుంచి బయటపడ్డ మనిషికి న్యుమోనియా రావడానికి ఇదొక పెద్ద దారి.
- *ఆస్పిరిన్ వేయొద్దు.* గుండెపోటుకు వేస్తారు కదా అని చాలామంది ఇస్తారు. గుండెపోటులో కారణం గడ్డే అని దాదాపు ఖాయం. ఇక్కడ రక్తస్రావం కూడా కావచ్చు. స్కాన్ అయ్యేదాకా ఆగాలి.
- *బీపీ మాత్ర వేయొద్దు, నిఫెడిపిన్ గుళిక నాలుక కింద పిండొద్దు.* స్ట్రోక్ మొదటి గంటల్లో బీపీ పెరగడం మామూలే. మూసుకుపోయిన నాళం అవతలికి పక్కదారుల్లో కాస్త రక్తం అందుతోందంటే ఆ ఒత్తిడి వల్లే. దాన్ని ఒక్కసారిగా దించితే బతికి ఉన్న భాగం కూడా పోతుంది.
- వేళ్ల కొసల్ని సూదితో గుచ్చి రక్తం తీయమని చెప్పే మెసేజీలు తిరుగుతుంటాయి. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు, టైము పోవడం తప్ప. మసాజూ అంతే.
- *కాసేపు పడుకుంటే తగ్గుతుందేమో అని చూడొద్దు.* గుండెపోటులో నొప్పి మనిషిని పరుగెత్తిస్తుంది. ఇస్కీమిక్ స్ట్రోక్‌లో చాలామందికి నొప్పే ఉండదు. ఆలస్యానికి అసలు కారణం అదే.

5. సరైన చోటికే వెళ్లండి

దగ్గర్లో ఉందని సీటీ లేని క్లినిక్‌కు వెళితే అక్కడ సెలైన్ పెట్టి, బీపీ చూసి, పెద్దాస్పత్రికి వెళ్లమంటారు. గంట పోతుంది. ఊపిరి సరిగా ఆడకపోయినా, స్పృహ లేకపోయినా, మూర్ఛ ఆగకపోయినా దగ్గరి ఆస్పత్రిలో ఆగాల్సిందే. లేదంటే సీటీ, ఇంజెక్షన్ రెండూ ఉన్న చోటికే నేరుగా వెళ్లండి.

లక్షణాలు పది నిమిషాల్లో పూర్తిగా పోయినా వెళ్లాలి. అది టీఐఏ. గడ్డ తాత్కాలికంగా అడ్డుపడి తొలగిందన్నమాట. దాని తర్వాత అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. "తగ్గిపోయింది కదా, వచ్చేవారం చూపిద్దాం" అనుకునేవాళ్లు చికిత్సకు అన్నిటికంటే అనువైన సమయాన్ని వదులుకుంటున్నారు.

ఎక్కడ పొరబడతారు

*మూతి వంకర ఉన్న ప్రతిదీ స్ట్రోక్ కాదు.* ముఖ నరం వాచి వచ్చే బెల్స్ పాల్సీలో కూడా మూతి వంకర పోతుంది. కనుబొమలు పైకెత్తమనండి. స్ట్రోక్‌లో నుదుటి మీద ముడతలు రెండు వైపులా పడతాయి, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు భాగాల నుంచీ ఆదేశాలు వస్తాయి. బెల్స్ పాల్సీలో ఆ వైపు నుదురు నున్నగా ఉండిపోతుంది, కన్ను పూర్తిగా మూసుకోదు. ఈ తేడా తేల్చే పని డాక్టరుకే వదిలేయండి. దీన్ని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకండి.

*మూర్ఛ తర్వాతి బలహీనత.* ఫిట్స్ వచ్చి తగ్గాక ఒక చెయ్యి కొన్ని గంటలు పనిచేయకపోవచ్చు. మొదట ఫిట్స్ చూసినవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

*మెదడు వెనక భాగపు స్ట్రోక్.* అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది ఇదే. మూతి బాగానే ఉంటుంది, చేతులు లేస్తాయి, మాటా వస్తుంది. ఉన్నట్టుండి కళ్లు తిరగడం, వాంతులు, రెండుగా కనిపించడం, తాగినవాడిలా తూలడం ఉంటాయి. గ్యాస్ అనో, చెవి సమస్య అనో వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు. పడుకోబెట్టి చేసే పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి కాబట్టి కచ్చితంగా లేపి కూర్చోబెట్టి చూడాలి. ఆసరా లేకుండా కూర్చోలేకపోతున్నా, నిలబడలేకపోతున్నా అది చెవి సమస్య అని తేల్చేయొద్దు.

ఇక్కడి నుంచి క్యాజువాలిటీ.

6. గుమ్మం దాటిన మొదటి పది నిమిషాలు

శ్వాస, నాడి, ఆక్సిజన్, బీపీ, షుగర్, బరువు. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితేనే పెట్టాలి. రెండు ఐవీ లైన్లు వేసి, రక్తం తీసి పంపండి. స్ట్రోక్ తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరు వేయండి. 0 నుంచి 42 దాకా ఉండే ఈ స్కోరు తర్వాత మెరుగైందో దిగజారిందో పోల్చుకోవడానికి ఆధారం.

రిపోర్టుల కోసం ఆగడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఇంజెక్షన్‌కు ముందు తప్పనిసరిగా తెలియాల్సిన ల్యాబ్ విలువ రక్తంలో గ్లూకోజ్ ఒక్కటే. పేషెంట్ రక్తం పలుచబరిచే మందులు వాడుతున్నా, రక్తస్రావ లక్షణాలున్నా, కాలేయ జబ్బు లాంటిది ఉందని అనుమానమున్నా ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష), ప్లేట్‌లెట్ల కోసం ఆగాలి. లేకపోతే అక్కర్లేదు. ఈసీజీ, ఎక్స్‌రే ఇంజెక్షన్ తర్వాత తీయవచ్చు. సెలైన్‌గా నార్మల్ సెలైన్ పెట్టండి, డెక్స్‌ట్రోజ్ వద్దు. మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం నిజంగా అవసరమైతే ఇప్పుడే వేయండి. ఇంజెక్షన్ తర్వాత వేస్తే రక్తం కారుతుంది.

7. సీటీ

వచ్చిన 20 నుంచి 25 నిమిషాల్లోపు కాంట్రాస్ట్ (నరంలోకి ఎక్కించే రంగు మందు) లేని సీటీ అయిపోవాలి. చూడాల్సింది మొదట రక్తస్రావం ఉందా లేదా. సీటీ నార్మల్ అని వస్తే స్ట్రోక్ లేదని కాదు, రక్తస్రావం లేదని అర్థం. తొలి గంటల్లో ఇస్కీమిక్ స్ట్రోక్ సీటీలో కనిపించకపోవడం మామూలు. "స్కాన్ నార్మల్, ఇంటికి తీసుకెళ్లండి" అన్న మాట ఈ దశలో ఎవరూ అనకూడదు, కుటుంబం నమ్మకూడదు.

చెయ్యి, కాలు పూర్తిగా పడిపోయినా, కళ్లు ఒక వైపుకే తిరిగిపోయి ఉన్నా, మాట పూర్తిగా పోయినా పెద్ద నాళం మూసుకుందని అనుమానించి అదే టేబుల్ మీద రక్తనాళాలను చూపే సీటీ యాంజియో కూడా తీయండి. దానికోసం కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు.

8. ఇంజెక్షన్ ఎవరికి, ఎవరికి కాదు

చివరిసారి బాగున్న టైము నుంచి నాలుగున్నర గంటల్లోపు, రోజువారీ పనిని దెబ్బతీసే లోటు ఉంటే ఇవ్వాలి. స్కోరు 3 ఉన్నా అది కుడి చేతి వేళ్లు పనిచేయకపోవడమో, మాట అర్థం కాకపోవడమో అయితే చిన్న విషయం కాదు. అంకెను కాదు, లోటును చూడండి.

పేషెంట్‌తో వచ్చినవాళ్లను ఇంజెక్షన్‌కు అడ్డమయ్యే ఇవి ఉన్నాయా అని అడగండి: మూడు నెలల్లోపు తలకు పెద్ద దెబ్బ, మెదడు లేదా వెన్ను ఆపరేషన్, ఇంకో స్ట్రోక్, 21 రోజుల్లోపు కడుపులో, పేగుల్లో రక్తస్రావం, ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం, 48 గంటల్లోపు డాబిగాట్రాన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి మాత్ర, 24 గంటల్లోపు చికిత్స మోతాదులో హెపారిన్ రకం ఇంజెక్షన్. ఐఎన్‌ఆర్ 1.7 దాటినా, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువ ఉన్నా ఇవ్వకూడదు. ఛాతీ నుంచి వీపులోకి చీల్చినట్టు నొప్పి ఉంటే బృహద్ధమని చీలిందేమో చూడాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుండటం మాత్రం అడ్డంకి కాదు. వయసు 80 దాటడం ఒక్కటే కారణంగా వద్దనుకోకూడదు.

కుటుంబానికి చెప్పాల్సింది సూటిగా చెప్పండి. 1995లో వచ్చిన ఎన్‌ఐఎన్‌డీఎస్ అధ్యయనంలో మూడు గంటల్లోపు ఆల్టెప్లేస్ (గడ్డ కరిగించే ఇంజెక్షన్ మందు) తీసుకున్నవాళ్లు మూడు నెలల తర్వాత వైకల్యం లేకుండా, లేదా నామమాత్రపు వైకల్యంతో ఉండే అవకాశం, తీసుకోనివాళ్లతో పోలిస్తే కనీసం 30 శాతం ఎక్కువ. లక్షణాలు కలిగించే మెదడు రక్తస్రావం వీళ్లలో 6.4 శాతం, తీసుకోనివాళ్లలో 0.6 శాతం. మరణాలు మాత్రం పెరగలేదు. గడువును నాలుగున్నర గంటలకు పెంచింది 2008 నాటి ఎకాస్ 3 అధ్యయనం ఫలితాలు. గడువుంది కదా అని నింపాదిగా ఉండొద్దు. రెండో గంటలో ఇచ్చిన మందు నాలుగో గంటలో ఇచ్చినదానికంటే బాగా పనిచేస్తుంది.

9. బీపీ

ఇంజెక్షన్‌కు ముందు 185/110 కంటే తక్కువ ఉండాలి. ఎక్కువుంటే బీపీ దించే లాబెటలాల్ 10 నుంచి 20 మిల్లీగ్రాములు నరంలోకి ఒకటి రెండు నిమిషాల్లో ఇవ్వండి, అవసరమైతే ఇంకోసారి. ఆస్తమా ఉన్నా, నాడి నెమ్మదిగా ఉన్నా లాబెటలాల్ వద్దు. నికార్డిపిన్ గంటకు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5 నుంచి 15 నిమిషాలకోసారి 2.5 చొప్పున పెంచండి, గంటకు 15 దాటకూడదు. ఇంజెక్షన్ మొదలయ్యాక 24 గంటలు 180/105 దాటనివ్వకూడదు.

ఇంజెక్షన్ గానీ, థ్రాంబెక్టమీ గానీ చేయని పేషెంట్‌కు, తగ్గించి తీరాల్సిన వేరే కారణం లేకపోతే, 220/120 దాకా బీపీని ముట్టుకోవద్దు. 170 చూసి కంగారుపడి దించేయడం వల్ల జరిగే నష్టం తక్కువేమీ కాదు.

10. మోతాదు

*ఆల్టెప్లేస్:* కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. అందులో పదో వంతు ఒక నిమిషంలో బోలస్‌గా, అంటే ఒకే విడతగా నరంలోకి, మిగతాది 60 నిమిషాల్లో పంపు ద్వారా. 70 కిలోల మనిషికి మొత్తం 63 మిల్లీగ్రాములు: 6.3 బోలస్, 56.7 ఇన్‌ఫ్యూజన్. వయల్‌తో వచ్చే స్టెరైల్ వాటర్‌తోనే కలపండి, కుదిపి నురగ రానివ్వొద్దు, మెల్లగా తిప్పండి.

*టెనెక్టెప్లేస్ (గడ్డ కరిగించే ఇంకో మందు):* కిలోకు 0.25 మిల్లీగ్రాములు, గరిష్ఠం 25, ఒకే బోలస్. 60 కిలోల మనిషికి 15 మిల్లీగ్రాములు. ఇచ్చే ముందూ తర్వాతా లైను నార్మల్ సెలైన్‌తో కడగండి. డెక్స్‌ట్రోజ్ తగిలితే మందు విరిగిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. ఒకటి, గుండెపోటు మోతాదు ఇచ్చేయడం. టెనెక్టెప్లేస్ గుండెపోటుకు సుమారు రెట్టింపు మోతాదు, 50 దాకా వెళుతుంది. రెండు జబ్బులకూ అదే మందు కాబట్టి స్ట్రోక్ మోతాదు పట్టికను వయల్ పెట్టెకే అంటించి పెట్టండి, లెక్కను రెండో మనిషితో సరిచూపించండి. వయల్ మీద మిల్లీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో కూడా చదవాలి. రెండు, బరువును కంటితో ఊహించడం. బెడ్ స్కేల్ ఉంటే వాడండి. మూడు, పంపు ఆగగానే గొట్టాన్ని తీసి పారేయడం. ఆల్టెప్లేస్ కొన్ని మిల్లీలీటర్లు గొట్టంలోనే ఉండిపోతుంది. సీసా ఖాళీ అయ్యాక అదే వేగంతో సెలైన్ ఎక్కించి లోపలున్న మందును కూడా పంపండి.

11. తర్వాతి 24 గంటలు

బీపీ, నాడీమండల పరీక్ష మొదటి 2 గంటలు 15 నిమిషాలకోసారి, తర్వాత 6 గంటలు అరగంటకోసారి, ఆపై 24 గంటల దాకా గంటకోసారి. కొత్తగా తీవ్రమైన తలనొప్పి, వాంతి, మగత, బీపీ ఎగబాకడం, లోటు పెరగడం వీటిలో ఏది కనిపించినా మందు నడుస్తుంటే ఆపి వెంటనే సీటీ తీయండి. రక్తస్రావం తేలితే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే క్రయోప్రెసిపిటేట్ 10 యూనిట్లు గానీ, ట్రానెక్సామిక్ యాసిడ్ 1000 మిల్లీగ్రాములు గానీ సిద్ధం చేసి న్యూరోసర్జన్‌ను పిలవండి.

నాలుక, పెదవులు ప్రతి పరీక్షలోనూ చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు వాపు రావచ్చు, తరచూ అది స్ట్రోక్ వల్ల బలహీనపడ్డ వైపే మొదలవుతుంది. వాపు వస్తే గడ్డ కరిగించే మందు ఆపి, శ్వాసమార్గం కాపాడటం మొదటి పని.

ఈ 24 గంటలు ఆస్పిరిన్, హెపారిన్, కండకు ఇచ్చే ఇంజెక్షన్లు, ధమని నుంచి రక్తం తీయడం వద్దు. 24 గంటలకు మళ్లీ సీటీ తీసి, రక్తం లేదని తేలాకే ఆస్పిరిన్ మొదలుపెట్టాలి.

12. గడ్డను లాగే చికిత్స

పెద్ద నాళం మూసుకున్నప్పుడు ఇంజెక్షన్ ఒక్కటే చాలాసార్లు గడ్డను పూర్తిగా కరిగించలేదు. తొడ లేదా మణికట్టు ధమనిలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. 2015లో వరసగా వెలువడిన ఐదు అధ్యయనాలు దీని విలువను తేల్చాయి. 2018లో డాన్, డెఫ్యూజ్ 3 అధ్యయనాలు ఇంకా కాపాడదగ్గ మెదడు భాగం ఉన్నవాళ్లకు గడువును 24, 16 గంటల దాకా చాచాయి. మీ దగ్గర ఈ సౌకర్యం లేకపోతే ఇంజెక్షన్ మొదలుపెట్టి, మందు నడుస్తుండగానే పంపించండి. మందు పనిచేస్తుందో లేదో చూసి పంపుదామని ఆగొద్దు. ఫోన్ చేసే పని సీటీ జరుగుతుండగానే వేరొకరికి అప్పగించండి.

13. ఇంజెక్షన్ ఇవ్వలేకపోతే

చేతులు దులుపుకోవడానికేం లేదు. రక్తస్రావం లేదని తేలాక, మింగగలరో లేదో చూసి, ఆస్పిరిన్ 160 నుంచి 325 మిల్లీగ్రాములు 48 గంటల్లోపు ఇవ్వాలి. మింగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా గానీ, మలద్వారం ద్వారా గానీ. స్కోరు 3 లోపున్న తేలికపాటి స్ట్రోక్‌కు, ముప్పు ఎక్కువున్న టీఐఏకు 24 గంటల్లోపు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ 300 మొదటి మోతాదుగా, తర్వాత రోజుకు 75 చొప్పున కలిపి 21 రోజులు. ఆ తర్వాత ఒక్కటే. రెండూ నెలల తరబడి కొనసాగితే రక్తస్రావపు ముప్పే పెరుగుతుంది కాబట్టి ఆపాల్సిన తేదీని చీటీలో రాయండి.

14. మింగుడు పరీక్ష, మొదటి రోజులు

నిటారుగా కూర్చోబెట్టి, పూర్తిగా మెలకువగా ఉన్నారని చూసుకుని, ముందు ఒక చెంచా నీళ్లు ఇవ్వండి. దగ్గు, పొలమారడం, గొంతు తడిగా గరగరలాడటం లేకపోతే ఇంకో రెండు చెంచాలు, తర్వాత గ్లాసుతో నెమ్మదిగా. ప్రతిసారీ "ఆ" అనిపించి గొంతు వినండి. కొందరికి నీళ్లు లోపలికి పోయినా దగ్గు రాదు, గొంతు మారడమే గుర్తు. తేడా ఉంటే నోటి ద్వారా ఏదీ వద్దు.

జ్వరం 38 డిగ్రీలు దాటితే తగ్గించండి. షుగర్ 140 నుంచి 180 మధ్య ఉంచండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి. కాళ్లలో గడ్డలు కట్టకుండా గాలితో నొక్కే తొడుగులు వేయండి. లేపి నడిపించడం మంచిదే గానీ మొదటి 24 గంటల్లో పదేపదే ఎక్కువసేపు నడిపిస్తే మేలు జరగదని 2015 నాటి అవర్ట్ అధ్యయనంలో తేలింది. గుండె లయ తప్పుతోందా అని కనీసం 24 గంటలు మానిటర్ పెట్టి చూడండి. మెడ ధమని బాగా సన్నబడి ఉంటే ఆపరేషన్ రెండు వారాల్లోపు జరిగితేనే ఎక్కువ మేలు.

ఫలితం ఎలా తెలుస్తుంది

ఇంజెక్షన్ పూర్తికాగానే చెయ్యి లేస్తుందని ఎదురుచూడకండి. కొందరిలో గంటలోనే తేడా కనిపిస్తుంది. చాలామందిలో మెరుగు రోజులు, వారాల మీద వస్తుంది. అదే మనిషి, అదే పద్ధతిలో స్కోరు వేస్తే పోలిక నిలబడుతుంది. మొదట బాగుపడి మళ్లీ దిగజారితే ముందు బీపీ పడిపోయిందేమో, రక్తస్రావమేమో, నాళం మళ్లీ మూసుకుందేమో చూడాలి. రెండు నుంచి ఐదో రోజు మధ్య మగత పెరిగితే మెదడు వాపు అనుకోండి. పెద్ద స్ట్రోక్ వచ్చిన 60 ఏళ్లలోపువారికి పుర్రె ఎముక తెరిచే ఆపరేషన్ 48 గంటల్లోపు చేస్తే ప్రాణం దక్కే అవకాశం బాగా పెరుగుతుంది కాబట్టి న్యూరోసర్జన్‌కు మొదటిరోజే చెప్పి ఉంచాలి. అంతిమ ఫలితాన్ని మూడు నెలలకు కొలుస్తారు: సొంతంగా నడుస్తున్నారా, తన పనులు తను చేసుకుంటున్నారా అని.

డిశ్చార్జి చీటీలో కుటుంబం చూసుకోవాల్సినవి: స్ట్రోక్ తేదీ, ఏ ఇంజెక్షన్ ఎంత ఇచ్చారు, రక్తం పలుచబరిచే మందు ఏది ఎప్పటిదాకా, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ లక్ష్యం. మళ్లీ లక్షణాలు వస్తే మొదటి ఐదు మెట్లూ మళ్లీ అవే. మూడు నెలల్లోపు వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మొదటి స్ట్రోక్ అడ్డం రావచ్చు, గడ్డను లాగే చికిత్సకు మాత్రం దారి ఉండొచ్చు. కాబట్టి ఆ తేదీ ఉన్న చీటీని మందుల జాబితాతో కలిపి పెట్టండి. అంబులెన్స్ ఎక్కేటప్పుడు రెండూ చేతిలో ఉండాలి.